గడ్డి కుక్కిన టైరు

పంక్చరు పడ్డ తర్వాత బండిని ఎట్లా నడపాలని, కొత్తగా స్టీరింగ్ పట్టిన పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు. చెప్పేవి మూడే ముక్కలు. బ్రేకు తొక్కకు. స్టీరింగ్ గట్టిగా పట్టుకో. బండిని తనంతట తాను నెమ్మదించనివ్వు. వాళ్ళు తలూపి వెళ్ళిపోతారు. బండి ఆగిన తర్వాత మనిషి ఏం చేయాలో ఒక్కరూ అడగరు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక రోజు ఉంది.

యుద్ధం నడుస్తున్న కాలం. నేను మేడ్చల్లో ఒక మిషన్ దవాఖాన బండికి డ్రైవరును. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాయిన, అమ్మ ఏడాది తేడాతో పోయారు. అక్కను ఇచ్చిన ఊరు దూరం. సికింద్రాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర మూడేళ్ళు బళ్ళు కడిగి, తుడిచి, చివరికి నడపడం నేర్చుకున్నాను. ఆ ఉస్తాద్ చెప్పినందుకే దవాఖానలో ఉద్యోగం దొరికింది. గేటు పక్కన బండి షెడ్డు, షెడ్డుకు ఆనుకుని నా గది. లోపల వరసగా నర్సమ్మల ఇళ్ళు, వంటమనిషి ఇల్లు, ఆ వెనక చర్చి. అందరూ మంచివాళ్ళే. పండగకు పిలిచేవాళ్ళు, జ్వరమొస్తే గంజి పంపేవాళ్ళు. కానీ డ్రైవరు బతుకు ఒక తీరుగా ఉంటుంది. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటికి మనం చేరి ఇంకా కాళ్ళు ముడుచుకోకముందే ఎవరో వచ్చి బండి తీయమంటారు. బండిలో వెనక కూర్చున్నవాళ్ళు ముఖ్యమైన సంగతులు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. చేరిన చోట వాళ్ళు లోపలికి వెళ్తారు, మనం బయట ఉంటాం. ఏ ఇంట్లో పెళ్ళి జరుగుతోందో, ఏ ఇంట్లో చావు జరుగుతోందో గోడ ఇవతల నుంచి ఊహించుకోవాలి. ఎన్ని ఊళ్ళు తిరిగానో లెక్కలేదు గానీ, ఎవరింటి మధ్యగదీ నేను చూడలేదు.

ఆ దవాఖానలో నా దగ్గరికి తనంతట తాను వచ్చి కూర్చున్న మనిషి ఒక్కడే, కంపౌండరు. యాభై దాటినవాడు. పొట్టిగా, నల్లగా ఉండేవాడు. ఎండాకాలం కూడా నల్ల కోటు విప్పేవాడు కాదు. ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే టిఫిను డబ్బా పట్టుకుని నేరుగా షెడ్డుకు వచ్చేవాడు. బండి ఫుట్‌బోర్డు మీద ఇద్దరం కూర్చుని తినేవాళ్ళం. భార్య చేసిన చింతచిగురు మాంసం నా వైపు జరిపి, తాను పచ్చడితో సరిపెట్టుకునేవాడు. నేను ఆయనను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను తమ్మీ అని పిలిచేవాడు. అక్క తప్ప నన్ను అట్లా పిలిచినవాళ్ళు అప్పటికి మరెవరూ లేరు.

వారానికొకసారి శామీర్‌పేటలో మందులిచ్చేవాళ్ళం. డాక్టరమ్మ, కంపౌండరు, నేను. ఎనిమిది మైళ్ళ దారి. సగం మొరం, సగం బండ్లు తిరిగి గాళ్ళు పడ్డ నేల. ఇరువైపులా తుమ్మలు. యుద్ధం మూలంగా కొత్త టైర్లు ఎక్కడా దొరికేవి కాదు. ఉన్న టైర్లకే లోపల పాత టైరు ముక్కలు అతికించి నడిపేవాణ్ణి. ట్యూబులకు అతుకు మీద అతుకు. అతుకు వేసే సొల్యూషన్ డబ్బా కూడా పట్నంలోని పెద్ద దవాఖాన నుంచి అడిగి తెప్పించుకోవలసిందే.

ఆ రోజు ఎండాకాలం, పొద్దున. వెళ్ళేటప్పుడే వెనక ఎడమ చక్రం గాలి పోయి కూర్చుంది. స్టెప్నీ ఎక్కించి శామీర్‌పేట చేరుకున్నాం. డాక్టరమ్మ లోపల రోగులను చూస్తుంటే నేను చావడి నీడలో కూర్చుని కూర్చున్న చక్రం విప్పాను. ట్యూబు బయటికి లాగాను, నీళ్ళలో ముంచి బొక్క పట్టాను, గీకి అతుకు వేశాను. డబ్బాలో మిగిలిన సొల్యూషన్ దానికే సరిపోయింది. ఇక మిగిలింది ఒక్క పని. ట్యూబును మళ్ళీ లోపల పెట్టేముందు టైరు లోపలి పక్క చేత్తో చుట్టూ తడమాలి. బొక్క చేసిన ముల్లు అందులోనే ఉండిపోతే మళ్ళీ అదే బొక్క చేస్తుంది. ఇది మొదటి రోజు నేర్పే పాఠం. ఉస్తాద్ దీనికే నన్ను రెండుసార్లు కొట్టాడు.

సరిగ్గా అప్పుడే కంపౌండరు చావడి మెట్ల మీదికి వచ్చాడు.

"తమ్మీ, జల్దీ చెయ్యి. కాన్పు కేసొచ్చింది. మూడు దినాల సంది నొప్పులు పడుతాంది. మేడ్చల్‌కు తీస్కపోవాలె."

"అయిపోయిందన్నా, ఇగ గాలి కొట్టుడే."

నిజానికి అయిపోలేదు. ట్యూబు లోపల తోసి, టైరు బిగించి, పంపు కొట్టాను. గాలి నిలిచింది. నిలుస్తుంది మరి, చక్రం మీద బరువు పడేదాకా. అరనిమిషం పని అది. ఆ అరనిమిషం నేను తినేశాను.

ఆమెను నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. మొగుడు పట్నంలో పనికి వెళ్ళాడట. వెంట ముసలి తల్లి మాత్రమే ఉంది. మోసినవాళ్ళు వెనక సీటులో ఆమెను పడుకోబెట్టి వెళ్ళిపోయారు. తల్లి ఒళ్ళో తల. కాళ్ళ దగ్గర ఇరుక్కుని డాక్టరమ్మ. నా పక్కన కంపౌండరు. బండి కదిలాక డాక్టరమ్మ ఇంగ్లీషులో ఏదో అంది. కంపౌండరు ఒక్క మాటలో జవాబిచ్చి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. ప్రతిసారీ దారి పొడుగునా పాడే మనిషి ఆ రోజు పాడలేదు.

ముసలమ్మ మాత్రం నా వీపు వెనక నుంచి మాట్లాడుతూనే ఉంది.

"జర జల్దీ పోనియ్యి నాయినా. తొలుసూరు కాన్పు. నిన్న పొద్దుగాల గూడ కడుపుల మస్తు మెసిలిండు. మొగపిల్లగాడే. నాకెర్క."

రెండు మైళ్ళు దాటామో లేదో, స్టీరింగ్ ఒక్కసారిగా కుడికి లాగింది. ముందు చక్రం. కాలు బ్రేకు మీదికి వెళ్ళబోయింది. ఉస్తాద్ కొట్టిన దెబ్బ గుర్తుకొచ్చిందేమో, ఆగింది. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని గేరులోనే వదిలేశాను. బండి మూలుగుతూ నలభై గజాలు పోయి దారి అంచున నిలబడింది. వెనక సీటులో ఉన్నవాళ్ళకు పెద్ద కుదుపు కూడా తెలియలేదు. ఆ రోజంతటిలో నేను సరిగా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

బాగు చేసిన చక్రం ఎక్కించాను. మళ్ళీ బయల్దేరాం. మైలు కూడా పోకముందే అదీ కూర్చుంది.

దిగి చూశాను. ఎండ నెత్తిన ఉంది. టైరు నేలకు కరుచుకుపోయి ఉంది. నాకు అప్పుడే తెలిసింది. ముల్లు ఎక్కడుందో చేత్తో చూపించగలిగేంత స్పష్టంగా తెలిసింది.

డాక్టరమ్మ దిగి వచ్చింది. ఆమెది మద్రాసు దిక్కు. తెలుగు పుస్తకంలోలాగా మాట్లాడేది.

"డ్రైవరు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ బండి నడుస్తుందా?"

"స్టెప్నీ లేదమ్మా. అతుకేయడానికి సొల్యూషన్ కూడ అయిపోయింది."

"ఎంత దూరం ఉంది?"

"అయిదు మైళ్ళు."

దగ్గర్లో మోటబావి, దాని పక్కన ఒక గుడిసె కనిపించాయి. కంపౌండరు అటు నడిచాడు. అక్కడి రైతు ఎడ్లబండి కట్టగలడేమోనని. ఎడ్లు మేడ్చల్ అంగడికి వెళ్ళాయట. గుడిసె వెనక మాత్రం వరిగడ్డి వామి ఉంది. దాన్ని చూడగానే నాకు ఉస్తాద్ ఎప్పుడో చెప్పిన మాట తట్టింది. గాలి లేకపోతే గడ్డి కుక్కు. గాలి చేసే పని గడ్డి చేయదు, కానీ రింగు నేలకు తగలకుండా కాస్తుంది. మనిషి నడిచినంత వేగంతో పోతే బండి పోతుంది.

"అమ్మా, గంటసేపు ఇయ్యిండ్రి. నడిపిస్త," అన్నాను.

డాక్టరమ్మ వెనక సీటు వైపు ఒకసారి చూసి, "గంట అంటే గంటే," అంది.

రైతు, ఆయన భార్య గడ్డి మోపులు తెచ్చి పడేశారు. నీళ్ళు చల్లి, పేనినట్టు మెలిపెట్టి, తాళ్ళలాగా చేశాం. నేను వెనకా ముందూ చక్రాలు మార్చే పనిలో పడ్డాను. మంచి చక్రాలు ముందుండాలి, గడ్డిది వెనక, స్టీరింగ్ మన చేతిలో ఉండాలంటే. కంపౌండరు నల్ల కోటు విప్పి తుమ్మ కొమ్మకు తగిలించాడు. ఆయన కోటు విప్పగా నేను చూడడం అదే మొదలు. నేల మీద చతికిలపడి, విప్పిన టైరు ఒళ్ళో పెట్టుకుని గడ్డి కుక్కసాగాడు.

కొంచెం సేపటికి "స్స్" అన్నాడు.

తల తిప్పి చూశాను. ఆయన చూపుడు వేలు మీద రక్తపు బొట్టు. రెండో చేత్తో టైరు లోపల తడిమి, గోళ్ళతో పట్టి లాగాడు. వేలెడు తుమ్మ ముల్లు. దాన్ని ఎండకెత్తి చూశాడు, నన్ను చూశాడు. డాక్టరమ్మ నాలుగడుగుల దూరంలో, బండి తలుపు దగ్గర నిలబడి ఉంది. కంపౌండరు ముల్లును దూరంగా విసిరేసి మళ్ళీ గడ్డి అందుకున్నాడు.

గడ్డి బిగించి, తాడు చుట్టి, చక్రం ఎక్కించి బయల్దేరేసరికి గంటకు పైనే పట్టింది. మొదటి గేరు. రోడ్డు మధ్య మెత్తటి దుమ్ము ఉన్నచోటు వెతుక్కుంటూ పోనిచ్చాను. బరువు తగ్గించాలని కంపౌండరు దిగి నడిచాడు. ముందు నడుస్తూ రాళ్ళు పక్కకు తన్నుతూ, గుంత ఉంటే చేయెత్తి చూపిస్తూ. తలకు తువ్వాలు. నీడ పాదాల కిందే ఉన్న వేళ. ఒక్కోసారి వెనక్కి వచ్చి, వంగి, గడ్డి చక్రాన్ని చూసి "ఉన్నది తమ్మీ, పోనియ్యి," అనేవాడు. మధ్యలో రెండుసార్లు ఆగి వదులైన తాడు బిగించాం. ముసలమ్మ ఇప్పుడు జల్దీ అనడం లేదు. ఇంజను చప్పుడు, వెనక నుంచి అప్పుడప్పుడు ఆ పిల్ల మూలుగు. బండిలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు, ఎదురుగా నా మనిషి నడుస్తున్నాడు. అయినా ఆ అయిదు మైళ్ళూ నేను ఒక్కణ్ణే ఉన్నట్టనిపించింది. ఎప్పుడూ అంత మెల్లగా బండి నడపలేదు, ఎప్పుడూ అంత పరుగెత్తాలనిపించలేదు.

దవాఖాన గేటులోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూశారు. నేను మామూలుగా బయట ఉన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఒక నర్సమ్మ నీళ్ళకోసం బయటికి వచ్చింది. అడిగాను.

"తల్లి బతికింది. బిడ్డ సచ్చి పుట్టిండు," అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మగపిల్లవాడు. ముసలమ్మ చెప్పినట్టే.

మర్నాడు డాక్టరమ్మ షెడ్డుకు వచ్చింది. ఒకే రోజు ఒకే బండికి అన్నిసార్లు ఎట్లా అయిందని అడిగింది. నా నోరు పెగలకముందే, మందుల పెట్టె తీసుకోవడానికి వచ్చిన కంపౌండరు అందుకున్నాడు.

"దారంత తుమ్మలే గదమ్మా. ఆడ నేనే పరేషాన్ చేసిన, జల్దీ జల్దీ అని."

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. నేను చెప్పవలసిన మాట అప్పటికే ఇంకొకరు చెప్పేశారు. అబద్ధం కాదది. నిజం కూడా కాదు. నేను ఊరుకున్నాను.

ఆ ఆదివారం ఆయన టిఫిను డబ్బాతో వచ్చాడు. నేను షెడ్డుకు తాళం వేసి చెరువు వైపు వెళ్ళిపోయాను. తర్వాతి ఆదివారమూ అంతే. ఆయన ముఖం చూస్తే నాకు గడ్డి, రక్తపు బొట్టు కనిపించేవి. నెల తిరక్కుండానే ఆయనకు సిద్దిపేట దిక్కు ఒక చిన్న దవాఖానకు బదిలీ అని తెలిసింది. అందరూ బాధపడ్డారు. నేను మాత్రం నా తప్పు ఆయన నెత్తికి చుట్టుకుందని, అందుకే పంపించేస్తున్నారని రూఢి చేసుకున్నాను. ఎవరినీ అడగలేదు.

ఆయన సామానుతో బయల్దేరిన రోజు బస్టాండు దాకా దింపడానికి బండి తీయమని కబురొచ్చింది. బండి రిపేరులో ఉందని చెప్పి పంపాను. నిజంగానే బండి కింద దూరి పడుకున్నాను. కాసేపటికి చెప్పుల చప్పుడు. చక్రం పక్కన రెండు కాళ్ళు వచ్చి నిలబడ్డాయి. చాలాసేపు నిలబడ్డాయి.

"పోయొస్త తమ్మీ."

"ఆఁ," అన్నాను కింద నుంచి.

కాళ్ళు వెళ్ళిపోయాయి. నేను అక్కడే పడుకుని, బాగున్న బోల్టునే మళ్ళీ మళ్ళీ బిగిస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆ దవాఖానలోనే పనిచేశాను. ఒకసారి ఆ శామీర్‌పేట పిల్ల మళ్ళీ కాన్పుకు వచ్చింది, ఈసారి ముందుగానే. ఆడపిల్ల. వెళ్ళిపోతూ ముసలమ్మ నన్ను గుర్తుపట్టి షెడ్డు దగ్గరికి వచ్చింది. "గా దినం సల్లగ మెల్లగ తెచ్చినవ్ నాయినా. నా బిడ్డ పానం దక్కింది," అని అరచేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఆమె కనుమరుగయ్యేదాకా నోట్లోనే ఉంచుకుని, తర్వాత ఉమ్మేశాను. బండి పని మాత్రం పిచ్చిపట్టినట్టు చేసేవాణ్ణి. ఒక్కో టైరు లోపల మూడుసార్లు తడిమేవాణ్ణి. డాక్టరమ్మ మెచ్చుకునేది. మెచ్చుకున్న రోజు అన్నం సహించేది కాదు. పెళ్ళి సంబంధాలు అక్క రెండుమూడు చూసింది. వద్దన్నాను. కారణం అడిగితే ఏం చెప్పాలో తెలియక పండగలకు ఆమె ఇంటికి వెళ్ళడం కూడా మానేశాను.

పోలీసు యాక్షన్ అయి, రోడ్ల మీద బస్సులు మళ్ళీ సరిగా తిరగడం మొదలైన ఏడాది, సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక రోగి మాటల్లో కంపౌండరు పేరెత్తాడు. ముసలివాడయ్యాడు, పని మానేశాడు, ఇంట్లోనే ఉంటున్నాడని. ఆ వారమే సెలవు పెట్టి బస్సెక్కాను.

చిన్న పెంకుటిల్లు. ఆయన అరుగు మీద చాటలో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేక నవ్వాడు.

"ఎవరు, తమ్మీనా? ఆరేండ్లకు తొవ్వ దొరికిందా?"

లోపలికి తీసుకెళ్ళాడు. భార్య గోడ తడుముకుంటూ వచ్చి, నా ముఖం మీద చేయి పెట్టి చూసింది. అన్నం పెట్టారు. ఎవరింట్లోనో మధ్యగదిలో, పీట మీద కూర్చుని తిన్నాను. సగం అన్నం ఉండగానే ఆగలేక అన్నాను.

"అన్నా, గా ముల్లు నేను చూసుకోలె. నా తప్పు నీ మీదేస్కున్నవ్. నిన్ను గిక్కడికి పంపిన్రు."

ఆయన నమలడం ఆపాడు. "నన్నెవరు పంపిన్రు? మీ వదినెకు చూపు తగ్గుకుంట వస్తాండె. ఆమె అక్కచెల్లెండ్లు గీడున్నరని నేనే అడుక్కున్న. డాక్టరమ్మ నెల దినాలు పోవద్దని బతిమాలింది."

"మరి..."

"ముల్లంటవా, ఉండె. నువ్వు తియ్యకపోతివి, నేను తీసిన. గంతే గద. నువ్వు మాట బంద్ చేస్తే, నేనే ఏమన్న తప్పుగ మాట్లాడిన్నేమో అనుకున్న. నేను తొందర పెట్టిన్నని కోపమొచ్చిందనుకున్న. రెండు కార్డులు రాసిన. జవాబియ్యకపోతివి."

ఆ కార్డులు వచ్చాయి. నేను చదవకుండా పెట్టెలో పడేశాను.

"గా బిడ్డ అన్నా," అన్నాను. "గంట ముందు తెస్తే బతుకుతుండెనా?"

కంపౌండరు నా వైపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత మెల్లగా చేయి కడుక్కున్నాడు.

"నీకెవ్వరు చెప్పలేదా?"

"ఏంది?"

"శామీర్‌పేటలనే బిడ్డ గుండె సప్పుడు లేకుండె. డాక్టరమ్మ చెక్క గొట్టం పెట్టి ఇన్నది. నన్ను గూడ ఇనమన్నది. ఎన్కట్నే పోయిండు, దినం కిందనో ఏమో. మనం తెచ్చింది తల్లి పానం కోసం. తల్లి పక్కనుండంగ ఎట్ల చెప్తం? అందుకే అమ్మ బండిల ఇంగ్లీషుల అన్నది." ఆగి, మళ్ళీ అన్నాడు. "నీకు చెప్పాలని ఎవ్వరికి తట్టలె తమ్మీ. నాకు గూడ తట్టలె. మాఫ్ చెయ్యి."

ఆయన నన్ను మాఫ్ చేయమంటున్నాడు. కంచంలో అన్నం ఎండిపోయింది. వదినె చూపు లేకపోయినా నా కంచం వైపే ముఖం పెట్టి, "తిన్లేదు గద పిల్లగాడు," అంది.

పిల్లలారా, ఆ ముల్లు తప్పు నాదే. ఆ తల్లి ప్రాణం పోయి ఉంటే అది నా మెడకే చుట్టుకునేది. దాన్ని ఈ రోజుకూ తగ్గించి చెప్పను. కానీ చేయని తప్పును కూడా దాంతో కలిపి ఆరేళ్ళు మోశాను, ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాక. టైరు తడమడం ఉస్తాద్ నేర్పాడు. మనిషిని అడగడం ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

మధ్యాహ్నం బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను. ఎవరో నడుపుతున్న బండిలో కిటికీ పక్కన కూర్చోవడం నాకు అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. శామీర్‌పేట దాటుతుంటే ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి కాసేపు ఓపికపట్టి, భుజం మీద చేయి వేశాడు.

"ఎవరన్న పోయిన్రా బిడ్డా?"

"పసిబిడ్డ పోయి ఆరేండ్లయింది," అన్నాను. "ఎట్ల పోయిండో నాకు ఇయ్యాల్నే తెలిసింది."